ఎనిమిదేళ్ల పాప "లావైపోతాను" అని రాత్రి అన్నం మానేస్తోంది, ఏం చెయ్యాలి?

ఆ వయసులో డైటింగ్ వద్దండి. ఎముక, కండ, రక్తం పెరిగే కాలమది. ఈడేరే ముందు ఆడపిల్లలు కాస్త ఒళ్లు చెయ్యడం సహజమే. పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే) లెక్క పిల్లలకు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5–19 ఏళ్ల వాళ్లకిచ్చిన గ్రోత్ చార్టు మీద చూడాలి. అది ఆడపిల్లలకి వేరు, మగపిల్లలకి వేరు. ఒక్కనాటి బరువు కన్నా ఆ చార్టులో పాప గీత ఎటు పోతోందన్నదే ముఖ్యం.

అసలీ బెంగ ఎక్కడ మొదలైందో కనుక్కోండి. మన విజయనగరంలో సిరిమాను పండక్కి చుట్టాలు దిగగానే మొదటి పలకరింపే "ఏటే, ఇంత లావైపోనావు?" అని. వాళ్లకది ముద్దు, పిల్లకి కాదు. అన్నది అత్తగారైనా సరే, పాప ఎదుటే ఆపించండి. అద్దం ముందు మీ నడుం చూసుకుని మీరు విసుక్కున్నా పాప వింటుంది.

బరువు నిజంగా ఎక్కువున్నా తిండికి కోత పెట్టకండి. పాపకి వేరే వంటా వద్దు. అందరికీ చోడి (రాగి) అంబలి, పప్పు, గుడ్డు, కూరలు. చిప్స్, కూల్‌డ్రింకులు ఇంట్లోకే తేకండి. సాయంత్రం ఆడుకోనివ్వండి.

తిండి దాచేస్తున్నా, తిని కక్కుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా, బరువు తగ్గిపోతున్నా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి. ఎలా మాట్లాడాలో తోచకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.