కార్ల షెడ్డు కారుతోంది, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు. ఇప్పుడు కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది సైనిక్‌పురి. మా నాన్నగారికి పాత కార్లంటే ప్రాణం. 1968 అంబాసడర్ మార్క్ టూ, ఫియట్ 1100, స్టాండర్డ్ హెరాల్డ్, కాంటెస్సా ఇలా మొత్తం 9 కార్లు. ఆయన 2022లో పోయాక వాటి కోసమే కీసర దగ్గర మా ప్లాటులో 4,200 చదరపు అడుగుల గ్యారేజీ కట్టించాను, లిఫ్టుతో సహా. కాంట్రాక్టర్ నాన్నకి బాగా తెలిసినవాడు, అందుకే అగ్రిమెంట్ రాసుకోలేదు. కార్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఏది ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాను. 22 లక్షలు బ్యాంకు ద్వారా, 16 లక్షలు క్యాష్ ఇచ్చాను. 2023 మే 11న తాళాలిచ్చాడు. జూలై వానలకే రూఫ్ కారింది, రెండుసార్లు వచ్చి సిలికాన్ పూసి పోయాడు. 2024 ఆగస్టు 2న 'అన్నా, రూఫ్ మొత్తం మార్చిస్తా, ఖర్చు నాదే' అని మెసేజ్ పెట్టాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తట్లేదు. పోయినేడాది లిఫ్ట్ కింద ఫ్లోర్ కుంగింది. మూడు కార్లకి తుప్పు, సీట్లకి బూజు. నాన్న జ్ఞాపకాలు కళ్ళముందే పాడైపోతుంటే నిద్ర పట్టట్లేదు. చీటింగ్ కేసు పెట్టమని ఒకరు, పాత స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ తయారు చేయించుకోమని ఇంకొకరు అంటున్నారు. ఈ వానాకాలంలోపు రూఫ్ పీకించి వేరేవాళ్ళతో కొత్తది వేయించుకుందామని ఉంది. కార్లని అప్పుడప్పుడు షూటింగులకి, పెళ్ళిళ్ళకి ఇస్తుంటాం. మాకు న్యాయం జరుగుతుందా? (2026 మార్చి)

సమాధానం: మీ ఉత్తరం నాలుగు పేజీలు, అందులో మూడు పేజీలు నాన్నగారి గురించే. ఈ కేసుని తేల్చే మాట చివరి పేజీలో ఒక మూలన ఉంది, 2023 మే 11. తాళాలు మీ చేతికొచ్చిన రోజు. ముందు దాని గురించి మాట్లాడతాను, ఎందుకంటే మీకు మిగిలింది వారాలే, మీరేమో ఇంకా ఎవరెవరినో సలహాలు అడుగుతూ తిరుగుతున్నారు.

ఒప్పందం తప్పినందుకు నష్టపరిహారం అడిగే దావాకి లిమిటేషన్ చట్టం 1963, ఆర్టికల్ 55 ప్రకారం గడువు మూడేళ్ళు. ఎప్పటినుంచి అంటే ఒప్పందం భంగమైన రోజు నుంచి. మీకు నష్టం కనిపించిన రోజు నుంచి అని కాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రూఫ్ జూలైలో కారింది కాబట్టి జూలై నుంచి లెక్క, ఫ్లోర్ పోయినేడాది కుంగింది కాబట్టి పోయినేడాది నుంచి లెక్క అని మీరనుకుంటున్నారు. అవతలి లాయర్ మాత్రం, నాసిరకం షెడ్డు అప్పగించిన రోజే ఒప్పందం భంగమైంది, మే 11 నుంచి లెక్కపెట్టండి అంటాడు, ఆ వాదనకి బలం ఉంది. ఆ లెక్కన మీ గడువు 2026 మే 11తో అయిపోతుంది. రోజూ కారుతూనే ఉంది కదా, భంగం కొనసాగుతున్నట్టే కదా అని మీ బావగారు చెప్పారట. నష్టం కొనసాగడం వేరు, భంగం కొనసాగడం వేరు, ఆ మాట పట్టుకుని కూర్చోకండి.

ఇంకో సంగతి, మేలో మన సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. గడువు ముగిసే రోజు కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజు వేయొచ్చని సెక్షన్ 4 చెబుతుంది, అది నిజమే. కానీ 38 లక్షల వ్యవహారాన్ని ఆ ఒక్క సెక్షన్ మీద వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. ఏప్రిల్ నెలాఖరులోపు దావా నంబర్ పడాలి. ఒక్కరోజు దాటినా, ఆలస్యాన్ని మన్నించండి అని అడగడానికి దావాల్లో దారి లేదు, సెక్షన్ 5 అప్పీళ్ళకి, అప్లికేషన్లకి మాత్రమే. అవతలివాడు అభ్యంతరం చెప్పకపోయినా సెక్షన్ 3 కింద కోర్టే కొట్టేయాలి.

మరి ఆగస్టు 2 మెసేజ్ సంగతేంటి అంటారు. బంగారం లాంటి మెసేజ్ అది, తప్పు వాడి నోటితోనే ఒప్పుకున్నాడు. గడువు ఉండగా బాధ్యతని రాతపూర్వకంగా ఒప్పుకుంటే సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు వస్తాయి. అయితే ఆ రాత మీద సంతకం ఉండాలి అంటుంది సెక్షన్. వాట్సాప్ మెసేజ్ సంతకం కిందికి వస్తుందా అన్నది కోర్టులో వాదించాల్సిన పాయింట్, చేతిలో ఉన్న గడువుని వదులుకుని ఆ పాయింట్ మీద జూదం ఆడొద్దు. దాన్ని దావాలో రెండో రక్షణగా పెడదాం, లోపాన్ని వాడు ఒప్పుకున్నాడు అనడానికి మొదటి సాక్ష్యంగా పెడదాం.

మెసేజ్ అంటే గుర్తొచ్చింది, మీరు నాకు పంపిన స్క్రీన్‌షాట్ చూసి చాలా కోపం వచ్చింది. పైన నంబర్ కనపడకుండా క్రాప్ చేశారు, తేదీ సగం తెగిపోయింది, మధ్యలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. కోర్టుకి ఇది కాగితం ముక్కతో సమానం. అసలు మెసేజ్ ఉన్న ఫోనే మీ సాక్ష్యం. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి, మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల పెట్టండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఒక సర్టిఫికెట్ దాఖలు చేయాలి, అందులో పార్ట్ ఏ మీరు, పార్ట్ బీ నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హాష్ వాల్యూ, అంటే ఫైల్ మారలేదని చూపించే కోడ్, రాయాలి. ఇది మీ లాయర్ చూసుకుంటాడు కానీ ఫోన్ బతికుండాలి కదా.

అగ్రిమెంట్ లేదని మీరు కుమిలిపోతున్నారు. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, నిరూపించుకోవడమే కష్టం. మీకు ఆ చాట్ ఉంది, 22 లక్షల బ్యాంకు ఎంట్రీలున్నాయి, నిలబడి ఉన్న షెడ్డు ఉంది. ఆ కార్ల ఫొటోలు పంపారే, అవి మీరనుకున్న దానికంటే చాలా విలువైనవి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టాన్ని అడగొచ్చు. ఇది బస్తాలు పెట్టుకునే గోడౌన్ కాదు, ఫలానా పాత కార్లకి గ్యారేజీ అని వాడికి ముందే తెలుసు అనడానికి ఆ ఫొటోలే రుజువు. రూఫ్ ఖర్చుతో ఆగకుండా తుప్పు వదిలించే ఖర్చు, సీట్లు కుట్టించే ఖర్చు కూడా అడగగలుగుతున్నామంటే వాటివల్లే. నాన్న జ్ఞాపకాలకి మాత్రం ఇందులో లెక్క కట్టలేం, ఆ కాలమ్ దావాలో ఉండదు.

16 లక్షల క్యాష్ గురించి రెండు పేరాలు రాశారు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో పెనాల్టీ తీసుకున్నవాడికే, మీకు సోర్స్ చూపించగలిగితే చాలు, బ్యాంకు విత్‌డ్రాయల్స్ తీసి పెట్టుకోండి. మీరు అడగబోయేది మీరిచ్చిన డబ్బు మొత్తం వాపసు కాదు, షెడ్డు బాగు చేయడానికి అయ్యే ఖర్చు, కార్లకి జరిగిన నష్టం. కాబట్టి క్యాష్ రుజువు కాకపోతే కేసే పోతుందన్న భయం వద్దు.

ఇక మీ రూఫ్ పీకించే ఆలోచన. దయచేసి ఆగండి. ఆ షెడ్డే మీ ప్రధాన సాక్షి, దాన్ని మీ చేతులతో మీరే మాయం చేస్తానంటున్నారు. పాత షీట్లు స్క్రాప్‌కి వెళ్ళిపోయాక, కొత్త రూఫ్ కింద నిలబడి పాతది కారేది అంటే ఎవరు నమ్ముతారు? దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున వచ్చి చూసే లాయర్‌ని, వేయమని పిటిషన్ పెట్టండి, స్ట్రక్చరల్ ఇంజినీర్ సాయంతో చూసి రిపోర్ట్ ఇవ్వాలని అడగండి. రూఫ్ వాలు ఎంత, షీట్ల జాయింట్లు ఎలా వేశాడు, గట్టర్ సరిపోతుందా, అన్నీ కొలతలతో రావాలి. ఫ్లోర్‌కి కోర్ కటింగ్ చేయించమని ప్రత్యేకంగా అడగండి. నా కేసు ఒకదాంట్లో కమిషనర్ ముందే మెషిన్‌తో ఫ్లోర్ కోసి చెంబంత కాంక్రీట్ ముక్క బయటికి తీశారు, చాట్‌లో 6 అంగుళాలు అన్న ఫ్లోర్ టేప్ పెడితే మూడున్నర, కింద కంకర బదులు వదులు మట్టి. ఆ ముక్కని కవర్లో వేసి సీలు చేశాక అవతలి లాయర్ ఫ్లోర్ గురించి ఇంకో ప్రశ్న వేయలేదు. మీ ఫ్లోర్‌లో కూడా అలా దాచిన లోపం బయటపడితే, మోసం తెలిసిన రోజు నుంచి గడువు లెక్కపెట్టమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 కింద వాదించే వీలు కూడా ఉంటుంది.

అలాగని కార్లు తడుస్తుంటే చూస్తూ కూర్చోమని కాదు. నష్టం పెరగకుండా మీ వంతు జాగ్రత్త మీరు తీసుకోవాలని అదే సెక్షన్ 73 చెబుతుంది, తీసుకోకపోతే ఆ మేరకు పరిహారం కోస్తారు. టార్పాలిన్ కప్పండి, కుంగిన లిఫ్ట్ జోలికి పోకండి, కార్లని వేరేచోటికి మార్చండి, ప్రతి ఖర్చుకీ బిల్లు, ప్రతి మరకకీ తేదీతో ఫొటో.

పాత స్టాంప్ పేపర్ సలహా ఇచ్చినవాళ్ళని మీ గడప తొక్కనివ్వకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నా. స్టాంప్ పేపర్ వెనక వెండర్ ముద్ర, సీరియల్ నంబర్, అమ్మిన తేదీ, ఎవరి పేరు మీద కొన్నారు, అన్నీ ఉంటాయి, అవే వివరాలు వెండర్ రిజిస్టర్‌లోనూ ఉంటాయి. ఒక కేసులో ప్లాటు చదును చేసిన జేసీబీ అద్దె అగ్రిమెంట్ దాఖలు చేశారు, తేదీ 2021, అందులో రాసిన జేసీబీ నంబర్ మాత్రం టీజీతో మొదలైంది. మన దగ్గర టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ రెండక్షరాలు చదివించారు, అంతే, నిజంగా డబ్బు రావాల్సిన మనిషి కేసు అక్కడే కూలిపోయింది. మీకు నిజమైన చాట్ ఉండగా దొంగ కాగితం ఎందుకు? ఫోర్జరీ, దాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 336, 340 కింద నేరాలు, దావా వేసిన కోర్టే మీమీద ఫిర్యాదు చేయగలదు.

చీటింగ్ కేసు కూడా అలాంటి ఆశే. 2023 నాటి వ్యవహారం కాబట్టి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది, మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. షెడ్డు కట్టాడు, తాళాలిచ్చాడు, రెండుసార్లు వచ్చి రిపేర్ చేశాడు, ఇది సివిల్ వ్యవహారం పొమ్మంటారు. అంతకంటే పెద్ద ప్రమాదం, స్టేషన్ చుట్టూ తిరిగిన రోజులకి లిమిటేషన్ గడియారం ఆగదు. మీరు ఎస్ఐ గారి కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా మే 11 దగ్గరవుతూనే ఉంటుంది.

కన్స్యూమర్ కమిషన్‌కి ఎందుకు వెళ్ళకూడదని అడిగారు. అక్కడ గడువు రెండేళ్ళే, 2019 చట్టం సెక్షన్ 69, అది 2025 మేలోనే దాటింది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం వాళ్ళకుంది, ఆగస్టు మెసేజ్ దానికి పనికొస్తుంది. కానీ షూటింగులకి, పెళ్ళిళ్ళకి ఇస్తుంటాం అని ఒక్క ముక్క రాశారే, అది చాలు అవతలివాడికి, వ్యాపారం కోసం కట్టిన షెడ్డు, ఈయన వినియోగదారుడే కాదు అంటాడు. పైగా 50 ఏళ్ళు దాటిన బండికి 2021 రూల్స్ కింద వీఏ సిరీస్ వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే దాన్ని వ్యాపారానికి వాడకూడదు. ఎన్ని కార్లు, ఎన్నిసార్లు, ఎంత తీసుకున్నారు, మీ లాయర్ దగ్గర దాచకండి. అద్దె ఆదాయం గట్టిగా ఉంటే ఇది కమర్షియల్ కోర్టు కేసు అయ్యే అవకాశం ఉంది, అప్పుడు దావాకి ముందు మీడియేషన్ తప్పనిసరి. ఆ రోజుల్ని గడువులోంచి మినహాయిస్తారు, అయితే ఆ అప్లికేషన్ కూడా మే 11కి ముందే పడాలి. అందుకే లాయర్ దగ్గరికి వచ్చే నెల కాదు, ఈ వారమే వెళ్ళండి.

ఇంకో నిర్లక్ష్యం. ఆర్సీలు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్నాయన్నారు. ఓనర్ పోయిన 30 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, 3 నెలల్లో ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేయాలి. నాలుగేళ్ళు కావస్తోంది! కార్ల నష్టం అడగాలంటే ఆ కార్లు ఎవరివి అన్న ప్రశ్న మొదటి వాయిదాలోనే వస్తుంది. అమ్మగారు, చెల్లెలు కూడా వారసులే కాబట్టి ముగ్గురూ వాదులుగా ఉండాలి. షెడ్డుకి బిల్డింగ్ పర్మిషన్ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే అది కూడా ముందే లాయర్‌కి చెప్పండి, అవతలివాడు దాన్నే మొదట తవ్వుతాడు.

లీగల్ నోటీసు రేపే స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపించండి, 15 రోజులు టైం ఇవ్వండి, జవాబు కోసం ఎదురుచూస్తూ దావా డ్రాఫ్ట్ ఆపకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్, 9 ఆర్సీలు, నాన్నగారి డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్, ప్లాటు కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుని అమ్మగారిని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, వకాలత్ మీద ముగ్గురి సంతకాలూ ఒకేసారి అయిపోతాయి.