ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్ రిఫ్యూజ్ అయితే అప్పీల్ ఎవరు చూస్తారు, దేన్ని బట్టి తేలుస్తారు?

మీరు రాసినదాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ: సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క గోడ పక్కింటితో కలిసుండేది), వెనకవైపు రెండంతస్తుల ఎక్స్‌టెన్షన్ అడిగారు. పక్కింటికి వెలుతురు తగ్గుతుందని, గోడ వాళ్ల మీదికి వచ్చినట్టుంటుందని కౌన్సిల్ కాదంది. అప్పీల్ మళ్లీ కాదన్న ఆ కౌన్సిల్ ఆఫీసర్ చేతికే వెళ్తుందా, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి గది కావాలని రాస్తే వింటారా అని అడిగారు.

ఆ ఆఫీసర్‌కి వెళ్లదు. బ్రిస్టల్‌లో ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ అని వేరే సంస్థ ఉంది, కౌన్సిల్‌కి దానిమీద ఏ అజమాయిషీ లేదు. అక్కడి ఇన్‌స్పెక్టర్ ఒక్కరే మీ ఫైలు చదివి, ఇల్లు చూసి, నిర్ణయం రాస్తారు. ఫీజు లేదు. మీలాంటి సొంతింటి కేసుకి గడువు డెసిషన్ నోటీసు తేదీ నుంచి 12 వారాలు. నెట్‌లో 6 నెలలని కనిపిస్తుంది కానీ అది కొత్త ఇళ్లు కట్టడం లాంటి మామూలు ప్లానింగ్ దరఖాస్తులకి. ఆ మాట నమ్మి కూర్చుంటే తలుపు మూసుకుపోతుంది.

ఇంటి కేసుల్లో వాదించడానికి ఒక్క ఛాన్సే ఉంటుంది. అప్పీల్ ఫారంతో పాటు పెట్టే స్టేట్‌మెంటే మీ మొత్తం వాదన, తర్వాత ఇంకో కాగితం జోడిస్తామంటే మామూలుగా ఒప్పుకోరు. కౌన్సిల్ కూడా కొత్తగా ఏమీ రాయదు, ఆఫీసర్ రిపోర్టు, పక్కింటివాళ్లు అప్పట్లో పంపిన అభ్యంతరాలు అందజేస్తుంది, అంతే. కోర్టులోలా ఎదురెదురుగా వాదనలుండవు. హియరింగ్, ఎంక్వయిరీ అనేవి పెద్ద ప్రాజెక్టులకి.

కాబట్టి ముందు చదవాల్సింది రిఫ్యూజల్ నోటీసు కాదు, దాని వెనకున్న ఆఫీసర్ రిపోర్టు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ దరఖాస్తు నంబరు కొడితే దొరుకుతుంది. నోటీసులో రెండు వాక్యాలుంటాయి. ఆ మాట ఎందుకన్నారో, ఏ కిటికీ గురించి అన్నారో రిపోర్టులో ఉంటుంది.

మా ఇంటి సంగతి చెప్తాను. లండన్‌కి పడమర వైపు ఊళ్లో మాదీ సెమీయే. వెనక ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్ నాలుగున్నర మీటర్లు, పైన రోడ్డు వైపు డోర్మర్ (ఏటవాలు కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ భాగం), రెండూ ఒకే దరఖాస్తులో పెట్టాం. రెండూ కాదన్నారు. వెనకదానికి కారణం పక్కింటి కిటికీ. రిపోర్టు చదివితే అది ఏ గది కిటికీయో ఎక్కడా రాయలేదు. ఎస్టేట్ ఏజెంట్ల పాత ఫ్లోర్ ప్లాన్ వెతికితే అది వాషింగ్ మెషీన్ పెట్టుకునే యుటిలిటీ గదిదని తేలింది. స్టేట్‌మెంట్‌లో దానికి పెద్ద పీట వేశాం. ఇంకోటి, సెమీకి 3 మీటర్ల వరకు ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద ఈ దరఖాస్తే లేకుండా కట్టుకోవచ్చు. అంటే గొడవంతా మిగతా మీటరున్నర గురించే. దీన్ని ఫాల్‌బ్యాక్ అంటారు, నిజంగా కట్టే ఉద్దేశం ఉందనిపిస్తే ఇన్‌స్పెక్టర్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

సైట్ విజిట్ రోజు మావాళ్లకి పరీక్ష రాస్తున్నంత టెన్షన్. తీరా చూస్తే వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆవిడ ఐడీ కార్డు చూపించి, టీ వద్దని, కేసు గురించి మాట్లాడకూడదని చెప్పి నేరుగా తోటలోకి వెళ్లారు. అక్కడ వాదించడానికి ఎవరికీ హక్కు లేదు, "ఇదుగో ఆ కిటికీ" అని చూపించడం వరకే. పక్కింటివాళ్లు తలుపు తీస్తే అటువైపు నుంచి కూడా మా గోడ వచ్చే చోటు చూశారు. మా రెండిళ్ల మధ్య కంచె పక్కన మనిషికంటే ఎత్తు పెరిగిన లేలాండీ చెట్ల వరస ఉంది. దాన్ని మేం కాగితం మీద పెట్టలేదు, కౌన్సిలూ పెట్టలేదు. నిర్ణయంలో మాత్రం ఒక వాక్యం దానిమీద ఉంది: ఉన్న వెలుతుర్ని ఆ చెట్లే చాలావరకు ఆపుతున్నాయని.

చివరికి వచ్చింది స్ప్లిట్ డెసిషన్. వెనకది అలౌడ్, డోర్మర్ డిస్మిస్డ్. పక్క వీధిలో డోర్మర్ల ఫొటోలు బోలెడు పెట్టాం కానీ మా వీధిలో ముందువైపు కప్పులన్నీ డోర్మర్ లేకుండా ఒకే వరసలో ఉన్నాయని, పక్క వీధి తీరు వేరని రాశారు. నాకు నచ్చకపోయినా చదివితే తర్కం ఉంది. ఇలా విడదీయాలంటే రెండు పనులూ ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు. మీ రెండంతస్తుల్లో కిందది ఇచ్చి పైదొక్కటే కాదంటారేమోనని ఆశ పెట్టుకోకండి.

నిర్ణయం ఎలా తేలుస్తారంటే, చట్టం ప్రకారం మొదట చూసేది మీ కౌన్సిల్ లోకల్ ప్లాన్, అంటే ఎక్కడ ఏం, ఎలా కట్టొచ్చో కౌన్సిల్ రాసిపెట్టిన పత్రం. దానికి విరుద్ధమైతే, దాన్ని మించే బలమైన ప్లానింగ్ కారణం ఏదైనా ఉందా అని చూస్తారు. అమ్మానాన్నల గది విషయం ఇక్కడే వస్తుంది. పర్మిషన్ ఇచ్చేది స్థలానికి, మనిషికి కాదు. రేపు మీరు అమ్ముకుని వెళ్లినా గోడ ఉంటుంది, అందుకే సొంత అవసరాలకి బరువు తక్కువ. నాన్నగారికి మెట్లెక్కలేని ఆరోగ్య సమస్య లాంటిదుంటే డాక్టర్ కాగితంతో పెట్టండి, వైకల్యాన్ని పరిగణించాల్సిన బాధ్యత ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. కానీ అదొక్కటే గెలిపిస్తుందనుకోకండి. ఆఫీసర్ మర్యాదగా మాట్లాడలేదు, అవతలి వీధిలో ఫలానావాళ్లకి ఇచ్చారు లాంటివి రాసి పేజీలు నింపొద్దు.

మీ కేసులో నేనైతే అప్పీల్‌కి ముందు రీడిజైన్ ఆలోచిస్తాను. ఇంటి అప్పీళ్లలో గెలిచేవి సుమారు మూడో వంతు. అప్పీల్‌లో ప్లాన్లు మార్చి చూపించడం కుదరదు, కౌన్సిల్ చూసినవాటినే ఇన్‌స్పెక్టర్ చూస్తారు. పైఅంతస్తు పక్కింటి వైపు నుంచి కాస్త లోపలికి జరిపితే కౌన్సిల్ ఒప్పుకునే సూచన రిపోర్టులో కనిపిస్తే కొత్త దరఖాస్తే మేలు. 2023 డిసెంబర్ నుంచి రెండోసారి ఉచితంగా పెట్టుకునే వెసులుబాటు పోయింది, 2025 ఏప్రిల్‌లో ఫీజు 258 పౌండ్ల నుంచి 528కి పెరిగింది, అయినా అంతే అంటాను. అప్పీల్, మార్చిన డిజైన్‌తో కొత్త దరఖాస్తు రెండూ ఒకేసారి నడపొచ్చు.

మన దగ్గర ముందు కట్టేసి, ఏదో ఒకరోజు రెగ్యులరైజేషన్ స్కీమ్ రాకపోతుందా అని చూస్తాం కదా, ఇక్కడ ఆ ధైర్యం చేయకండి. పర్మిషన్ లేకుండా కట్టినదాన్ని సరిచేయమనే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు వస్తే అప్పీల్‌కి సాధారణంగా 28 రోజులే ఉంటాయి, ఓడితే కట్టిందాన్ని మీ ఖర్చుతోనే తీసేయాలి.

అప్పీల్ గెలిస్తే ఆ లెటరే పర్మిషన్, మళ్లీ కౌన్సిల్ దగ్గరికి వెళ్లి ఇంకో పర్మిషన్ తెచ్చుకోనక్కర్లేదు. షరతులు మాత్రం చదవండి, సాధారణంగా 3 ఏళ్లలో పని మొదలుపెట్టాలని ఉంటుంది. ఓడితే 6 వారాల్లో హైకోర్టు, అదీ చట్టపరమైన పొరపాటు జరిగితేనే, నిర్ణయం నచ్చలేదని కాదు. ఒక ఎక్స్‌టెన్షన్ కోసం ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

అడ్రస్, పేర్లు తీసేసి రిఫ్యూజల్ కారణాల్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. పక్కింట్లో ఏ గది కిటికీయో, మీ గోడకి ఎంత దూరమో కూడా రాస్తే, అప్పీల్‌లో నిలబడే పాయింట్ ఉందో లేదో చూసి చెప్తాను.