ఆర్చ్ లినక్స్ ఇన్‌స్టాల్ చేయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కంప్యూటర్లో ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక్కొక్క కమాండ్ నీవే టైప్ చేస్తూ ఇన్‌స్టాల్ చేయాలని నిశ్చయించుకున్నట్లు రాశావు. చాలా సంతోషం. ఆర్చ్ ఐఎస్ఓలో, అంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌ను బూట్ చేసే ఇన్‌స్టాలేషన్ ఫైలులో, ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే ప్రోగ్రామ్ 2021 నుంచి ఉంది. అది అడిగినవాటికి జవాబులు చెబితే పని దానంతట అదే అయిపోతుంది. అయినా మొదటిసారి చేత్తోనే చేయమని నా సలహా. ఎప్పుడో ఒకనాడు కంప్యూటర్ బూట్ కాకుండా నల్లతెర మీద ఆగిపోయినప్పుడు, బూట్‌లోడర్ ఎక్కడుందో, కెర్నల్ ఏ పార్టిషన్‌లో ఉందో, రూట్ ఎక్కడ మౌంట్ కావాలో తెలిసినవారికి అది కాసేపట్లో తేలే పని. తెలియనివారు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. బూట్‌లోడర్ అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్, కెర్నల్ అంటే సిస్టమ్ గుండెకాయ, పార్టిషన్ అంటే డిస్కులో ఒక భాగం, రూట్ అంటే సిస్టమ్ మొత్తం ఉండే ప్రధాన భాగం, మౌంట్ అంటే ఒక పార్టిషన్‌ను ఒక ఫోల్డర్‌కు కలపడం.

ముందుగా ఒక్క మాట మనసులో ఉంచుకో. ఈ పని మొత్తంలో దిద్దుకోవడానికి వీల్లేని పొరపాటు జరిగే చోటు ఒక్కటే: డిస్కును పార్టిషన్లుగా విడగొట్టి ఫార్మాట్ చేసే ఘట్టం. ఆ తరువాత ఏది తప్పినా పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ బూట్ చేసి సరిచేసుకోవచ్చు. కాబట్టి నీ జాగ్రత్తనంతా అక్కడ పెట్టు, మిగతాచోట్ల భయపడకు.

డిస్కును ముట్టుకునే ముందే కొన్ని పనులున్నాయి. నీ ఫైళ్ళన్నీ వేరే డిస్కుకు కాపీ చేసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టు. తగిలించే ఉంచితే అదీ ఫార్మాట్ అయ్యే ప్రమాదం ఉంది. విండోస్‌ను కూడా ఉంచుకోదలిస్తే, అందులో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ అమలులో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకో. ఎందుకంటే నమ్మకమైన సంతకం లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ ఉంటే ఆర్చ్ ఐఎస్ఓ బూట్ కాదు, దాన్ని ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో, అంటే కంప్యూటర్‌లోనే ఉండే మొదటి ప్రోగ్రామ్ సెట్టింగుల్లో, ఆపాలి. ఆపిన తరువాత విండోస్ ఆ కీని అడగవచ్చు. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపు. అది ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అయినట్లు కనిపించినా నిజానికి సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో దాని పార్టిషన్‌లోకి లినక్స్ నుంచి రాస్తే డేటా పాడవుతుంది. విండోస్ పార్టిషన్‌ను కుదించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే చేయి.

ఐఎస్ఓను ఆర్చ్ అధికారిక సైట్ నుంచే తెచ్చుకో. ప్రతి నెలా కొత్తది వస్తుంది కనుక ఎప్పుడో దించి పెట్టుకున్నది వాడకు. పాతదైతే ప్యాకేజీల, అంటే ప్రోగ్రాముల మూటల, సంతకాలు సరిచూసే తాళాలు కూడా పాతవై, ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోవచ్చు. దించుకున్న ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్ లెక్క కట్టి, సైట్‌లో ఇచ్చిన 64 అక్షరాల వరుసతో పోల్చు. వీలైతే జీపీజీ సంతకాన్నీ సరిచూడు: చెక్‌సమ్ వల్ల ఫైలు దారిలో పాడవలేదని తెలుస్తుంది, దాన్ని తయారుచేసినవారు ఎవరో సంతకం వల్ల తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్‌తో బూట్ అయ్యాక యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బూట్ పద్ధతిలోనే బూట్ అయిందని నిర్ధారించుకుని, నెట్ కలిపి, గడియారం సరిగ్గా ఉందో లేదో చూడు. తేదీ తప్పుగా ఉంటే సంతకాల పరిశీలన విఫలమవుతుంది, దానికి కారణం తేదీయేనని చాలామందికి తట్టదు.

ఇక అసలు ఘట్టం. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని టైప్ చేస్తే తగిలించి ఉన్న డిస్కులు, వాటి పార్టిషన్లు, సైజులు వరుసగా కనిపిస్తాయి. 512 జీబీ అని కొన్న డిస్కు అక్కడ 476.9 అని కనిపిస్తే కంగారుపడకు. తయారీదారులు జీబీని వందకోట్ల బైట్లుగా లెక్కిస్తారు, ఈ కమాండ్ 1024 లెక్కన చూపుతుంది, అంతే తేడా. డిస్కును పేరును బట్టి గుర్తించవద్దు. ఈరోజు ఎస్‌డీఏ అయినది రేపు మరో డ్రైవ్ తగిలిస్తే ఎస్‌డీబీ కావచ్చు. సైజు, మోడల్, అందులో ఇప్పటికే ఉన్న పార్టిషన్లు, ఈ మూడూ కలిసి అది నీవనుకున్న డిస్కేనని చెప్పాలి. ఆ వివరాలు కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకో.

పార్టిషన్లకు ఎఫ్‌డిస్క్ వాడమంటాను, ఎందుకంటే దానిలో ఒక గొప్ప రక్షణ ఉంది. నీవు చేసే మార్పులన్నీ మెమరీలోనే ఉంటాయి. డబ్ల్యూ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కేవరకు డిస్కు మీదికి ఏదీ పోదు, క్యూ కొడితే ఏమీ మారకుండా బయటకు వస్తావు. కాబట్టి అన్నీ సిద్ధం చేసుకున్నాక పీ కొట్టి మొత్తం పట్టికను ఒకసారి తెర మీదికి తెప్పించు. కాగితంతో పోల్చి చదువు. ఏ కొంచెం అనుమానం ఉన్నా క్యూ కొట్టి బయటపడి, ఆ తెరను ఫోటో తీసి నాకు పంపు, ఏ వేళైనా సరే. ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండ్లకు ఆ వెసులుబాటు లేదు. ఎంటర్ నొక్కగానే ఫార్మాట్ మొదలుకావచ్చు, కాబట్టి పార్టిషన్ నంబరును పైకి చదివి మరీ నొక్కు.

విభజన విషయంలో ఆడంబరానికి పోవద్దు. మొదటిసారికి యూఈఎఫ్ఐ కోసం ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో పార్టిషన్ ఒకటి, ర్యామ్‌కు తోడుగా స్వాప్ ఒకటి, మిగిలినదంతా లినక్స్ ఫార్మాట్ అయిన ఎక్స్‌ట్4తో రూట్‌కు, ఇంతే చాలు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫార్మాట్‌లో స్నాప్‌షాట్ల, అంటే సిస్టమ్ పాత స్థితిని దాచుకునే, సౌకర్యం నిజంగా మంచిదే, కానీ దాన్ని తరువాత తీరికగా నేర్చుకోవచ్చు. హైబర్నేట్, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో దాచి ఆపడం, కావాలనుకుంటే స్వాప్‌ను ర్యామ్‌కు సమానంగా ఉంచు. ల్యాప్‌టాప్‌ను బయట తిప్పే అలవాటు ఉంటే మాత్రం డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సంగతి ఇప్పుడే తేల్చుకో, అన్నీ అయిపోయాక దాన్ని చేర్చడం పెద్ద పని. విండోస్ ఉన్న డిస్కులో యూఈఎఫ్ఐ పార్టిషన్ ముందే ఉంటుంది. దాన్ని ఫార్మాట్ చేశావంటే విండోస్ బూట్‌లోడర్ కూడా పోతుంది, కనుక మౌంట్ మాత్రమే చేయి. అది తరచుగా 100 ఎంబీయే ఉంటుంది, కెర్నల్ ఫైళ్ళు అందులో పట్టడం కష్టం. అందుచేత దాన్ని బూట్ ఫోల్డర్‌గా కాకుండా ఈఎఫ్ఐ అనే వేరే ఫోల్డర్‌లో మౌంట్ చేసి, కెర్నల్‌ను రూట్‌లోనే ఉంచు. ఎక్స్‌ట్4ను చదవగలిగే గ్రబ్ ఇందుకు అనువైన బూట్‌లోడర్.

మౌంట్ చేసేటప్పుడు వరుస ముఖ్యం. మొదట రూట్, ఆ తరువాతే దాని లోపల యూఈఎఫ్ఐ పార్టిషన్. తారుమారైతే రెండోసారి మౌంట్ చేసినది మొదటిదాన్ని కప్పేస్తుంది. ఫైళ్ళు ఎక్కడికి పోయాయో అర్థం కాదు.

ఆపైన కొత్త సిస్టమ్‌ను నింపే ప్యాక్‌స్ట్రాప్ కమాండ్‌తో బేస్, లినక్స్, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు వేస్తావు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి: పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రోగ్రాములేవీ కొత్త సిస్టమ్‌లోకి వాటంతట అవి రావు. వైఫై కలిపిన ప్రోగ్రామ్ రాదు, టెక్స్ట్ ఎడిటర్ రాదు, మామూలు యూజర్‌కు అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో కూడా రాదు. రీబూట్ చేసి లాగిన్ అయ్యాక నెట్ లేదు, నెట్ తెచ్చే ప్యాకేజీ దించుకోవడానికీ నెట్ లేదు, ఈ చిక్కులో పడేవారే ఎక్కువ. నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్, ఎడిటర్ అయిన నానో, సుడో, నీ ప్రాసెసర్‌ను బట్టి దాని లోపాలు దిద్దే ఇంటెల్ లేదా ఏఎండీ మైక్రోకోడ్, వీటిని ప్యాక్‌స్ట్రాప్ వరుసలోనే చేర్చు. క్రూట్‌లోకి, అంటే పెన్‌డ్రైవ్ నుంచే కొత్త సిస్టమ్ లోపలికి, వెళ్ళాక నెట్‌వర్క్‌మేనేజర్‌ను ఎనేబుల్ చేయడం కూడా మరిచిపోకు, వేసినంత మాత్రాన అది బూట్‌లో మొదలవదు.

బూట్‌లో ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు కోసం జెన్‌ఎఫ్‌స్టాబ్ ఉంది. దాన్ని పెద్ద యూ గుర్తుతో నడిపితే పార్టిషన్ల పేర్లకు బదులు, డ్రైవ్ పేరు మారినా మారని గుర్తింపులైన యూయూఐడీలు రాస్తుంది, అదే కావాలి. అది పాత వరుసల కిందనే కొత్తవి చేర్చుతుంది కాబట్టి రెండుసార్లు నడిపితే ప్రతి వరుసా రెండుసార్లు ఉంటుంది. ఫైలు తెరిచి చూడు: నీవు వాడుతున్న లినక్స్ పార్టిషన్లు, యూఈఎఫ్ఐ పార్టిషన్ కలిపి ఎన్నో వరుసలు అన్నే ఉండాలి.

ఆర్చ్-క్రూట్‌తో లోపలికి వెళ్ళాక టైమ్‌జోన్, భాషా సెట్టింగైన లొకేల్, కంప్యూటర్‌కు పెట్టే హోస్ట్ పేరు, అడ్మిన్ ఖాతా అయిన రూట్‌కు పాస్‌వర్డ్, నీ పేరుతో ఒక యూజర్, ఇవన్నీ ఆర్చ్ వికీలోని ఇన్‌స్టాలేషన్ గైడ్ చూసి వరుసగా చేసేయవచ్చు. గడియారాన్ని లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంచుతుంది, విండోస్ స్థానిక సమయంలో ఉంచుతుంది. రెండూ ఉన్న కంప్యూటర్‌లో సమయం గంటల తేడాతో కనిపిస్తే కారణం అదే.

గ్రబ్‌కు రెండు కమాండ్లు: గ్రబ్-ఇన్‌స్టాల్ బూట్‌లోడర్‌ను యూఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెడుతుంది, గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ మెనూను తయారుచేస్తుంది. రెండోది మరిచిపోతే రీబూట్‌లో మెనూకు బదులు గ్రబ్ అనే ఒక్క మాట, దాని పక్కన కర్సర్ కనిపిస్తాయి. ఇక విండోస్ మెనూలో రాలేదంటే ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ కారణం కావచ్చు: 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి గ్రబ్ దాన్ని మామూలుగా నడపదు, దాన్ని వేసుకుని, గ్రబ్ సెట్టింగుల ఫైలులో అనుమతించాలి.

రీబూట్‌లో ఏమి తేడా వచ్చినా చేయవలసినది ఒకటే. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రూట్‌ను, యూఈఎఫ్ఐ పార్టిషన్‌ను అదే వరుసలో మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్‌తో లోపలికి వెళితే నీ సిస్టమ్ నీ చేతిలోనే ఉంటుంది. మరిచిన ప్యాకేజీ వేయవచ్చు, పాస్‌వర్డ్ మార్చవచ్చు, గ్రబ్‌ను మళ్ళీ పెట్టవచ్చు. ప్యాక్‌స్ట్రాప్‌ను గానీ ఫార్మాట్‌ను గానీ మళ్ళీ చేయనవసరం లేదు. అన్నీ సవ్యంగా జరిగినా సరే, ఒకసారి కావాలనే ఇలా లోపలికి వెళ్ళి బయటకు రా. అవసరం పడిన రోజు చేయి తడబడదు.

వాడుక మొదలయ్యాక ఒక నియమం తప్పకు. ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ అయిన ప్యాక్‌మ్యాన్‌తో అప్‌డేట్ చేస్తే మొత్తం సిస్టమ్‌ను చేయి. ప్యాకేజీల జాబితాను మాత్రం తాజా చేసి, కావలసిన ఒక్క ప్రోగ్రామ్‌నే వేసుకుంటే, కొత్త ప్రోగ్రామ్ కొత్త లైబ్రరీని వెతుకుతుంది, నీ దగ్గర పాతదే ఉంటుంది. ఆర్చ్ ఇలాంటి సగం అప్‌డేట్లను సమర్థించదు. అప్‌డేట్‌కు ముందు ఆర్చ్ సైట్ మొదటి పేజీలోని ప్రకటనలు చదువు. చేత్తో చేయవలసిన మార్పు ఏదైనా ఉంటే అక్కడ రాస్తారు. కెర్నల్ మారిన రోజున రీబూట్‌ను మరునాటికి వాయిదా వేయకు, ఆ ఐఎస్ఓ ఉన్న పెన్‌డ్రైవ్‌ను మరే పనికీ వాడకు.

శుభాశీస్సులతో,
మీ పెదనాన్న