ఆరోగ్య సందేహాలు: ఆయాసం వయసు వల్లనేనా?

ప్రశ్న: నా వయసు 69 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో చాలా కాలం గుమస్తాగా చేశాను. చిన్న వయసులో అలవాటైన సిగరెట్లను నాలుగేళ్ల క్రితం పూర్తిగా మానేశాను. ఇప్పుడు కూరగాయల సంచి పట్టుకుని ఇంటికి వస్తుంటే దారిలో రెండుసార్లు ఆగవలసి వస్తోంది. ఉదయం పూట దగ్గు, కళ్లె ఉంటున్నాయి. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ‘వయసు మీద పడింది కదా’ అని ఇంట్లో వాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంట్లో వాళ్ల మాటలో కొంత నిజం ఉంది కానీ, మీరు చెప్పిన లక్షణాలకు అది సరిపోదు. ఊపిరితిత్తుల శక్తి సుమారు 25 ఏళ్లకు నిండుగా ఉండి, 35 దాటాక నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది. పక్కటెముకలు బిగుసుకుంటాయి, ఊపిరి లాగే ఉదరవితానం బలహీనపడుతుంది, గాలితిత్తుల సాగే గుణం తగ్గుతుంది. అయితే ఈ తరుగుదల ఎంత నిదానంగా జరుగుతుందంటే, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న డెబ్భై ఏళ్ల మనిషి మెట్లెక్కేటప్పుడు రొప్పవచ్చునేమో గాని, చదునైన దారిలో మామూలుగా నడుస్తూ ఊపిరి అందక ఆగవలసిన అవసరం రాదు. మీరు ఆగుతున్నారంటే కారణం వెతకవలసిందే.

మీ విషయంలో మొదట అనుమానించవలసింది సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. దీనికి పొగ ప్రధాన కారణం. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము కూడా తోడవుతుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) విప్పేటప్పుడు లేచే ఘాటు తెలియనివారు గుంటూరులో ఉండరు. ఈ జబ్బు తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి నిశ్చింతగా ఉండకూడదు. దీన్ని తేల్చేది స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టుకోమంటారు. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, ‘ఇంకా ఊదండి, ఇంకా’ అని టెక్నీషియన్ అంటున్నంతసేపూ, కనీసం ఆరు సెకన్లపాటు, ఊదుతూనే ఉండాలి. తరువాత నాళాలను వదులు చేసే మందు పీల్పించి, కొంతసేపాగి మళ్లీ ఊదిస్తారు. మందు తరువాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికి వచ్చినది 70 శాతానికి తక్కువగా ఉంటే నాళాలలో అడ్డు ఉన్నట్టే. ఆయాసానికి గుండె బలహీనత, రక్తహీనత కూడా కారణాలు కావచ్చు కనుక ఈసీజీ, హిమోగ్లోబిన్ పరీక్షలు కలిపి చేయించుకోండి. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే క్షయ లేదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష కూడా అవసరం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం.

సిగరెట్ మానడం మీరు చేసిన అన్ని పనుల్లోకీ గొప్పది. పోయిన శక్తి తిరిగి రాదు గాని, ఇకపై తరిగే వేగం తగ్గుతుంది. సిగరెట్ మానేసి, టీ కొట్టు దగ్గర చుట్టలు కాల్చే మిత్రుల మధ్య గంటల తరబడి కూర్చునేవారు కూడా ఉన్నారు. మీరు ఆ కోవలో లేరనే ఆశిస్తున్నాను. ఇంకా మానలేకపోతున్నవారు జాతీయ ఉచిత సహాయ నంబరు 1800-112-356కు ఫోన్ చేయవచ్చు.

ఆయాసం వస్తోందని నడక మానకండి. మానితే కాళ్ల కండరాలు చిక్కిపోయి, అదే దూరానికి మరింత ఊపిరి కావలసి వస్తుంది. గుండె జబ్బు లేదని తేలాక, ముక్కుతో గాలి పీల్చి, పెదవులను సున్నాలా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదులుతూ నెమ్మదిగా నడవండి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సలహా మేరకు న్యుమోనియాను అడ్డుకునే న్యుమోకాకల్ టీకా వేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. పొగ తాగే అలవాటు లేదు. పల్లెలో ఎన్నో ఏళ్లు కట్టెల పొయ్యి మీద వంట చేశారు. ఇప్పుడు నా దగ్గరే, గుణదలలో కొండ మీది ఇంట్లో ఉంటున్నారు. డాక్టరు గారు ఇన్‌హేలర్ రాస్తే, అది అలవాటైపోతుందని భయపడి మాత్రలే వేసుకుంటున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: జీవితంలో సిగరెట్ ముట్టని మన ఇళ్లలోని పెద్దావిడలకు సీఓపీడీ రావడానికి ముఖ్య కారణం ఆ పొయ్యి పొగే. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. నాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మాత్రలో మందు 2 లేక 4 మిల్లీగ్రాములు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే 4 మిల్లీగ్రాముల మాత్రలో నలభయ్యవ వంతు. అది నేరుగా నాళాల్లోకి వెళుతుంది కనుక గుండెదడ, చేతుల వణుకు తక్కువ. పెద్దవారికి నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. స్పేసర్ అనే గొట్టం కొనివ్వండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే వాడాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

ఆవిడ పడుకునే గదిలో దోమల చుట్ట వెలిగించకండి, దోమతెర కట్టండి. సాంబ్రాణి వేయవలసి వస్తే కిటికీలు తెరిచి, ఆవిడను వేరే గదిలో కూర్చోబెట్టండి. డిసెంబరు, జనవరి నెలల్లో కృష్ణ ఒడ్డున, కాలువ గట్ల వెంట మంచు కమ్మి, పొగ, దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. బాగా ఎండ వచ్చాకే నడకకు పంపండి. భోగి మంటల దగ్గరికి, ముఖ్యంగా టైర్లు వేసే చోటికి వద్దు. మెట్లెక్కేటప్పుడు, అడుగు పైకి వేస్తూ ఊపిరి వదలాలి.

ప్రశ్న: మూడు బంతుల పరికరం ఊదడం, ఆవిరి పట్టడం, కపాలభాతి – వీటితో ఊపిరితిత్తులు శుభ్రపడతాయా?
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: శుభ్రపడవు. ఆవిరి ముక్కుదిబ్బడకు హాయినిస్తుంది, అంతే. మూడు బంతుల పరికరం చాలామంది అనుకున్నట్టు ఊదేది కాదు, పీల్చేది. ఆపరేషన్ తరువాత, మంచాన పడినప్పుడు మేలు చేస్తుంది. నిదానమైన ప్రాణాయామం మంచిదే గాని, గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఆయాసం ఉన్నవారు డాక్టరును అడగకుండా కపాలభాతి చేయకూడదు.

మంచాన ఉన్న పెద్దలకు అన్నం కూర్చోబెట్టే పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ఈ వయసులో న్యుమోనియా జ్వరం లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి మాట తికమకపడినా, అన్నం మానేసినా, పల్స్ ఆక్సీమీటరులో ఆక్సిజన్ అంకె 92 కంటే తగ్గినా అదే రోజు చూపించాలి. పెదవులు నీలిరంగుకు మారినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయండి.