లినక్స్‌కు డిస్క్ పంపకం: రూట్‌కు ఎంత, హోమ్‌కు ఎంత?

ప్రశ్న: హనుమకొండలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాల టైపింగ్ మా పని. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. నిరుడు లినక్స్ వేసుకున్నప్పుడు సిస్టమ్ ఉండే రూట్ భాగానికి 20 జీబీ మాత్రమే ఇచ్చాను. ఆరు నెలలకే అది నిండిపోయి అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇప్పుడు విండోస్ లేకుండా మళ్లీ మొదటి నుంచి లినక్స్ వేయాలనుకుంటున్నాను. ఒక మిత్రుడు డిస్క్‌ను ఏడు పార్టిషన్లు (భాగాలు) చేయమంటున్నారు, మరొకరు ఒక్కటే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీకు మూడు పార్టిషన్లు కావాలి: కంప్యూటర్ బూట్ కావడానికి వాడే ఈఎఫ్‌ఐ, సిస్టమ్, ప్రోగ్రాములు ఉండే రూట్, మీ సొంత ఫైళ్లు ఉండే హోమ్. ఏడు పార్టిషన్ల పద్ధతి సర్వర్ల నుంచి వచ్చింది. లాగ్ ఫైళ్లు పెరిగిపోయి మొత్తం సిస్టమ్‌ను ఆపేయకుండా అక్కడ వాటిని విడిగా ఉంచుతారు. ఒక్కరు వాడే కంప్యూటర్‌లో అన్ని గెట్లు వేస్తే, ఒక మడి నిండి పొర్లుతున్నా పక్క మడి ఖాళీగానే ఉంటుంది.

512 జీబీ అని రాసి ఉన్న మీ డిస్క్, 1024తో లెక్కకట్టే సాధనాల్లో సుమారు 476గా కనిపిస్తుంది. అది లోపం కాదు. పార్టిషన్ టేబుల్‌గా (డిస్క్ భాగాల వివరాలుండే పట్టిక) జీపీటీని ఎంచుకొని, ఈఎఫ్‌ఐకి ఫ్యాట్32 ఫార్మాట్‌లో 1 జీబీ, రూట్‌కు ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫార్మాట్‌లో 80 జీబీ ఇవ్వండి. మీరు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాములు, పాత కెర్నళ్లు (లినక్స్ మూల భాగాలు), అప్‌డేట్ల కోసం దిగిన ప్యాకేజీలు, సిస్టమ్ మొత్తానికి వేసిన ఫ్లాట్‌ప్యాక్ (అప్లికేషన్లను అందించే ఒక పద్ధతి) అప్లికేషన్లు అన్నీ రూట్‌లోనే చేరతాయి కాబట్టి 20 జీబీ నిండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

రూట్ ముగిసిన చోట వెంటనే హోమ్ మొదలుపెట్టకుండా, మధ్యలో 40 జీబీ ఏ పార్టిషన్‌కూ కేటాయించకుండా వదలండి. నా దృష్టిలో ఈ పంపకంలో అన్నిటికన్నా విలువైన జాగా అదే. ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌ను దాని చివరన ఆనుకొని ఖాళీ ఉంటే తేలికగా పెంచవచ్చు. అదే హోమ్ ఆనుకొని ఉంటే, దాని మొదలును ముందుకు జరపడానికి లోపలి డేటా మొత్తాన్ని కదిలించాలి. గంటలు పట్టే ఆ పని నడుమ కరెంటు పోతే ఫైళ్లు దక్కకపోవచ్చు.

మిగిలిన 355 జీబీ హోమ్‌కు ఇవ్వండి. ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి పార్టిషన్‌లో 5 శాతం స్థలాన్ని రూట్ యూజర్ (అడ్మినిస్ట్రేటర్) కోసం పక్కన పెడుతుంది. రూట్ పార్టిషన్‌కు అది రక్ష; హోమ్‌లో మాత్రం సుమారు 18 జీబీ ఊరికే పడి ఉన్నట్లే. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ అనే ఆదేశంతో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు.

ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే స్వాప్‌కు ప్రత్యేక పార్టిషన్ అక్కరలేదు. రూట్‌లో 4 జీబీ స్వాప్ ఫైల్ చాలు, తర్వాత దాన్ని మార్చుకోవచ్చు. హైబర్నేట్ (ర్యామ్‌లోని పనిని డిస్క్‌లో దాచి కంప్యూటర్‌ను ఆపడం) వాడదలిస్తే మాత్రం ర్యామ్‌కు తగ్గకుండా, అంటే కనీసం 8 జీబీ ఉంచండి.

హోమ్ విడిగా ఉండటం వల్ల లాభం మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన రోజున తెలుస్తుంది. అప్పుడు రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి, పాత హోమ్‌ను హోమ్‌గానే చూపించి, దాని ఎదుట ఫార్మాట్ గడిలో టిక్ లేదని రెండుసార్లు చూసుకొని, పాత యూజర్ పేరే ఇస్తే మీ పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పోతన2000 వంటి తెలుగు ఫాంట్లను కూడా సిస్టమ్ ఫోల్డర్‌లో కాకుండా మీ హోమ్‌లోని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసుకోండి. లేకపోతే రూట్‌తోపాటు అవీ చెరిగిపోతాయి.

హోమ్ విడిగా ఉన్నంత మాత్రాన అది బ్యాకప్ కాదు, ఎస్‌ఎస్‌డీ చెడితే మూడు పార్టిషన్లూ కలిసే పోతాయి. ఈసారి డిస్క్ మొత్తం చెరిపేస్తారు కాబట్టి పాత ఫైళ్లను ముందే బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకొని, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, ఇన్‌స్టాలర్ మొదలుపెట్టేలోపే ఆ డిస్క్ కేబుల్ తీసేయండి. అప్పుడు ఇన్‌స్టాలర్ జాబితాలో చెరపదగిన డిస్క్ ఒక్కటే కనిపిస్తుంది.