నరం అంటే ఏ నరం? గుండె, రక్తనాళాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: బట్టల షాపులో సేల్స్ పని, రోజుకు పది గంటలు నిలబడే ఉంటాను. ఎడమ పిక్క మీద పచ్చటి నరాలు వానపాముల్లా ఉబ్బి తేలాయి. సాయంత్రానికి కాలు బరువెక్కి, చెప్పు బిగుసుకుంటోంది. నరాల బలహీనతేమో, బి కాంప్లెక్స్ వేసుకోమంటున్నారు. వాడవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మన వాడుకలో మెదడు కబురు మోసేదీ నరమే, రక్తం మోసేదీ నరమే. మీకు తేలినవి రెండో రకం, అంటే సిరలు. విటమిన్ బిళ్లలు వాటిని ఏమీ చేయలేవు.

గుండె నెట్టిన రక్తం పాదం దాకా ఊపుగానే వస్తుంది. అక్కడి కేశనాళికలు దాటేసరికి ఆ ఊపు చాలావరకు అయిపోతుంది. మళ్లీ మీటరుకు పైగా ఎత్తు ఎక్కాలి. ఎక్కించేది పిక్క కండరం. అడుగు వేసిన ప్రతిసారీ అది లోపలి సిరలను పిండుతుంది. సిరల్లో అక్కడక్కడా రెండు రేకుల కవాటాలుంటాయి. రక్తం పైకి పోతుంటే తెరుచుకుంటాయి, జారబోతే మూసుకుంటాయి. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గరి సిరల్లో ఒత్తిడి, బీపీ లెక్కలో చెప్పాలంటే, 90 దాకా పోతుంది. నడిస్తే 30 దరిదాపులకు దిగుతుంది. అందుకే రోజంతా నడిచే పోస్ట్‌మన్ కంటే, కౌంటరు వెనక ఒకేచోట నిలబడేవారి కాళ్లకే కష్టం ఎక్కువ.

ఈ కవాటాల పనితనం చేతి మీదే చూడవచ్చు. చేతిని కాసేపు కిందికి వేలాడదీస్తే ముంజేతి సిరలు ఉబ్బుతాయి. తిన్నగా సాగిన ఒక సిరను మణికట్టు వైపు వేలితో నొక్కి పట్టండి. ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోసేసి, ఆ పై వేలు తీసేయండి. మధ్యలో కవాటం ఉంటే, దాని కింది ముక్క చదునుగానే ఉండిపోతుంది. పై నుంచి రక్తం దిగి రాదు. కింది వేలు తీయగానే చటుక్కున నిండుతుంది. రక్తం సిరల్లో గుండె వైపే పోతుందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చయిన తన పుస్తకంలో చూపించింది ఇలాగే, ముంజేతి బొమ్మలు వేసి.

మీ పిక్కలో సిర సాగిపోయి, రేకులు ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. పై కవాటం కారితే ఆ బరువు కింది దాని మీద పడుతుంది. కాబట్టి ఉబ్బు కిందికి పాకుతుంది. ఒకసారి పాడైన కవాటం వ్యాయామంతో బాగుపడదు. బాధ, వాపు మాత్రం తగ్గించుకోవచ్చు. అరగంటకోసారి మడమలెత్తి దించడం 20 సార్లు చేయండి. ఇంటికెళ్లాక పాదాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా పావుగంట పడుకోండి. బిగుతు మేజోళ్లు పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే తొడగాలి. మధ్యాహ్నం తొడిగితే సగం ప్రయోజనం పోయినట్టే. షుగరు ఉన్నా, పొగతాగే అలవాటున్నా, ముందు కాలి ధమనుల్లో రక్తం బాగా ఆడుతోందో లేదో డాక్టరుకు చూపించాకే మేజోళ్లు. ఏ కవాటం కారుతోందో, రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది. చికిత్స లేజరా, ఇంకొకటా అన్నది ఆ తర్వాతి మాట.

ఒక కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పెడితే మాత్రం నూనె పెట్టి మర్దన చేయకండి. లోపలి సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు, ఊడితే ఊపిరితిత్తులకు పోతుంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ల్యాబులో తీసిన రక్తం నల్లగా ఉంది. చెడు రక్తమా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కాదు. సిర నుంచి తీస్తే ముదురెరుపే వస్తుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఆ రక్తంలోనూ ఆక్సిజన్ నాలుగింట మూడొంతుల దాకా మిగిలే ఉంటుంది. సిరలు చర్మం కింద పచ్చగా కనబడటం చర్మంలో వెలుతురు చేసే మాయ.

ప్రశ్న: గుండె నిండా రక్తమే కదా, గుండెకు రక్తం అందలేదంటారేమిటి?
- ఇంటర్ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం నెట్టే గుండె గది, దాని గోడ సుమారు సెంటీమీటరు మందం. గదిలోంచి పోయే రక్తం లోపలి పలుచటి పొరకే పనికొస్తుంది, అంత మందంలోకి ఇంకదు. అందుకే మహాధమని మొదట్లోనే, కవాటానికి కాస్త పైన, రెండు హృదయ ధమనులు చీలి గోడ మీదుగా అల్లుకుంటాయి. చిక్కేమిటంటే, గుండె ముడుచుకున్నప్పుడు గోడలోని నాళాలూ నలుగుతాయి. ఎడమ జఠరికకు రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే. గుండె వేగం పెరిగితే ఆ సడలే సమయమే తరిగిపోతుంది. పైగా గుండె కండరం ఊరికే ఉన్నప్పుడే తనకొచ్చిన ఆక్సిజన్‌లో 70 శాతం దాకా లాగేసుకుంటుంది. శరీరం మొత్తం మీద సగటు 25 శాతమే. ఇంకా కావాలంటే ఇంకా రక్తం రావాల్సిందే. ధమని పూడి సన్నబడితే అది రాదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, ఆగితే వదలడం ఇందుకే. ఆగినా వదలక చెమటలు పడుతుంటే, గ్యాసేమోనని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: రిటైరయ్యాను, 64 ఏళ్లు. ఇంట్లో మెషీన్‌తో మొదట 152/84, రెండు నిమిషాలకు 138/80. ఏది నమ్మాలి?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఒక్కదాన్నే కాదు. పై అంకె గుండె నెట్టినప్పటి ఒత్తిడి, కింది అంకె మళ్లీ నెట్టబోయే ముందు మిగిలిన ఒత్తిడి. పడుచు వయసులో మహాధమని సాగి ఆ ఊపును ఓర్చుకుంటుంది. పెద్దవయసులో బిరుసెక్కి ఓర్చుకోలేదు. అందుకే మీ వయసులో పై అంకే ఎక్కువగా పెరుగుతుంది.

కాఫీ తాగి అరగంట దాటాక, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. కాళ్లు నేలకు ఆనాలి, ఒకదాని మీద ఒకటి వేయొద్దు. పట్టీ మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, చొక్కా మీద కాకుండా చర్మానికే చుట్టాలి. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చేయి 10 సెంటీమీటర్లు కిందికి జారితే అంకె ఏడెనిమిది పెరుగుతుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టినా లేని బీపీ చూపిస్తుంది. మందు మార్చే ముందు పట్టీ కొలత చూసుకోవడం మంచిది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడొద్దు.

నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, సాయంత్రం, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 దాటితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వస్తూ మెషీన్ కూడా తెచ్చుకోమనే డాక్టర్లున్నారు, వాళ్ల దానితో పోల్చి చూడటానికి.