రంపం, పాల బాకీ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఇంటి ఓనర్‌ని మొదటి పేజీలో పిసినారి అన్నావు, రెండో పేజీలో పరమ లోభి అన్నావు. ఆయన ఏం చేశాడో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

విలియం హోగార్త్ బొమ్మలు చూశావా? 1697లో లండన్‌లో పుట్టి, ఆ ఊరి వీధుల్నే గీసి నవ్వించినవాడు. 1751 నాటి ‘జిన్ లేన్’ (జిన్ అంటే వాళ్ల సారా) నెట్‌లో దొరుకుతుంది, పెద్దది చేసి చూడు. మత్తులో ఉన్న తల్లి చేతుల్లోంచి బిడ్డ జారిపోతుండటం అందరికీ కనిపిస్తుంది. నువ్వు ఎడమపక్కకి పో. తాకట్టు కొట్టు ముందు ఒక వడ్రంగి తన రంపం ఇచ్చేస్తున్నాడు. పక్కనే ఒకావిడ వంటగిన్నెలు తెచ్చింది. రంపం పోతే రేపు కూలి లేదు, గిన్నెలు పోతే పొయ్యి వెలగదు. బొమ్మ కింద తాగుడిని తిడుతూ పద్యాలు కూడా వేశారులే. అవి నాకొక్కటీ గుర్తులేవు.

మన రాతగాళ్లనీ వదల్లేదు. ‘ది డిస్ట్రెస్ట్ పోయెట్’లో కవిగారు అటకగదిలో తల గోక్కుంటూ పద్యం కడుతుంటాడు. భార్య ఆయన లాగుకి కుట్లు వేస్తుంటుంది. పాలమ్మాయి బాకీ కట్టమని నిలదీస్తుంటే, గుమ్మం దగ్గర కుక్క పళ్లెంలో మాంసం లాగేస్తుంటుంది. మొదటి అచ్చులో ఆ పద్యం పేరు ‘దరిద్రం’. తర్వాతి అచ్చులో దాన్ని ‘సంపద’ అని మార్చి, గోడకి పెరూ బంగారు గనుల పటం తగిలించాడు. దిద్దడమంటే అదీ!

హోగార్త్ వాళ్ల నాన్న లాటిన్ పంతులు, పుస్తకాలు రాసినవాడే. కాఫీ హౌస్ పెట్టి, దివాలా తీసి, అప్పులకి ఫ్లీట్ జైలు పాలయ్యాడు. హోగార్త్ అప్పటికి పిల్లాడు. 1735లో అచ్చైన ‘ఏ రేక్స్ ప్రోగ్రెస్’ ఆస్తంతా తగలేసిన ఓ కుర్రాడి కథ, ఆ ఎనిమిది బొమ్మల్లో ఏడోది ఆ జైలే. (దొంగ అచ్చులు పడలేక చట్టం తెప్పించుకుని, అది అమల్లోకి వచ్చాకే ఇవి అమ్మాడు. గట్టివాడే.) ఆ జైల్లో, ఆ కుర్రాడి పక్కన అతను రాసిన ఒక నాటకం రాతప్రతి ఉంటుంది, పనికిరాదని థియేటర్ మేనేజర్ రాసిన చీటీతో సహా. తండ్రి కూర్చున్న చోటే ఇంకో రాతగాణ్ణి కూర్చోబెట్టాడన్నమాట.

మీ ఓనర్ కరెంటు మీటర్ లెక్క పాత కేలండర్ వెనక రాసుకుంటాడని మొన్న ఫోన్‌లో చెప్పి తెగ నవ్వావే, అది కథలో లేదేం? నువ్వు రెండు నెలల అద్దె బాకీ ఉన్న సంగతీ లేదు. రెండూ పెట్టి మళ్లీ పంపు.

మీ అన్నయ్య